అట్ట మీద పేరు

పంజాగుట్టలో మా హాస్టల్ గది కిటికీలోంచి చూస్తే రెండే కనిపించేవి. ఒకటి పక్క బిల్డింగ్ వాళ్ల వాటర్ ట్యాంకు, రెండోది మెట్రో లైను ముక్క. అది 2019. నా బీటెక్ అయిపోయి ఏడాది దాటింది. గదికి ముగ్గురం. పొద్దున లేచి అమీర్‌పేటకి నడుచుకుంటూ పోవడం, మైత్రీవనం వెనక సందులో జావా క్లాసు, మధ్యాహ్నం టెస్టింగ్ టూల్స్, సాయంత్రం డౌట్స్ సెషన్. నాకున్న డౌట్ ఒక్కటే, ఉద్యోగం ఎప్పుడొస్తుందని. దానికి ఏ సారూ సమాధానం చెప్పలేదు.

సమాధానం ఒక కన్సల్టెన్సీలో దొరికింది. పేరు అనవసరం. రెండో అంతస్తులో చిన్న ఆఫీసు, బయట చెప్పుల గుట్ట. నలభై వేలు కడితే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఇస్తారు. ఇస్తారంటే, ఆఫర్ లెటరు, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటరు, ఎవరైనా ఫోన్ చేసి అడిగితే ‘అవునండీ, మా దగ్గరే చేశాడు’ అని చెప్పే ఒక మనిషి. మా హాస్టల్‌లోనే ఇద్దరు అలా తీసుకుని ఉద్యోగాల్లో చేరిపోయారు. ఒకడైతే బండి కూడా కొన్నాడు. నాకు ఇంకేం కావాలి? దాచుకున్నవీ అప్పు చేసినవీ కలిపి పదివేలు కట్టేశాను. మిగతా ముప్పై వేలు సోమవారం కట్టాలి.

ఇంట్లో మాత్రం ‘అడ్వాన్స్‌డ్ కోర్సు’ అని చెప్పాను.

మాది కోదాడ. నాన్న చిట్టీ పాడి ముప్పై వేలు తీశాడు. ఫోన్లో పంపమంటే ఒప్పుకోలేదు. “అంత డబ్బు గాల్లో ఎట్ల పంపుతరా” అని తనే బయల్దేరతానన్నాడు. శనివారం వస్తానన్నాడు. నాకు గుండెలో రాయి పడింది. ఎదురుగా కూర్చుని ఆ డబ్బు చేతికిస్తే తీసుకోగలనా?

అదే శనివారం మాదాపూర్ వైపు ఒక ఆడిటోరియంలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి ప్రోగ్రాం ఉందని రూమ్మేట్ చెప్పాడు. నాకు బాలు గారి మీద పెద్ద పిచ్చేమీ లేదు. మా తరానికి ఆయన ‘పాడుతా తీయగా’లో పిల్లల ఉచ్చారణ సరిచేసే పెద్దాయన, ఇంట్లో పెద్దవాళ్లు రేడియో సౌండ్ పెంచే గొంతు, అంతే. కానీ నాన్న సంగతి వేరు. చేస్తున్న తప్పుకి లంచం ఇచ్చినట్టుగా, అన్నిటికంటే తక్కువ రేటు టికెట్లు రెండు కొన్నాను.

నాన్నకి ఒకప్పుడు క్యాసెట్ల షాపు ఉండేది. కోదాడ బస్టాండుకి కొంచెం అవతల, ఒక షట్టర్ వెడల్పు కొట్టు. అమ్మే క్యాసెట్ల కంటే రికార్డింగే ఎక్కువ నడిచేది. జనం పాటల లిస్టు ఒక చీటీ మీద రాసుకొచ్చేవాళ్లు. అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్టు, ఒక్కో సైడుకి ముప్పై నిమిషాలు. పాట మధ్యలో తెగిపోకుండా ముప్పై నిమిషాల్లో సరిగ్గా ఆరేడు పాటలు ఇరికించడం నాన్న గొప్పగా చెప్పుకునే విద్య. ఏ పాట ఎన్ని నిమిషాలో, ఎన్ని సెకన్లో ఆయనకి నోటికొచ్చు. రెండు డెక్కుల టేప్ రికార్డర్ ముందు కూర్చుని, పాట అయిపోగానే ఠక్కున పాజ్ నొక్కేవాడు. తర్వాత అట్ట మీద స్కెచ్ పెన్నుతో ముత్యాల్లాంటి అక్షరాలతో ‘బాలు మెలొడీస్’ అని రాసి, కింద సినిమాల పేర్లు, అన్నిటికంటే కింద షాపు పేరు.

సీడీలొచ్చాయి. తర్వాత ఒకే సీడీలో వందా నూట యాభై పాటలు పట్టే ఎంపీత్రీలొచ్చాయి. ముప్పై నిమిషాల లెక్క ఎవడికి కావాలి? షాపులో మెల్లగా జిరాక్స్ మెషిన్ చేరింది, తర్వాత సెల్ రీచార్జ్. నేను ఇంటర్‌కి వచ్చేసరికి క్యాసెట్లు అట్టపెట్టెల్లోకి ఎక్కి అటక మీదికి పోయాయి. “నువ్వు కంప్యూటర్ల ఇంజినీరువి కావాలె. ఏ పని ఎప్పుడు పోతదో ముందే తెలుస్తది” అన్నాడు నాన్న. పాపం, మా ఫీల్డు గురించి ఆయనకి తెలియదు.

శనివారం నాన్న ఎల్బీనగర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కాడు. ఆయనకి అదే మొదటిసారి. పంజాగుట్ట స్టేషన్‌లో ఎస్కలేటర్ మీద నుంచి ఒక చేత్తో రైలింగూ, ఒక చేత్తో గుడ్డసంచీ పట్టుకుని దిగుతుంటే నవ్వొచ్చింది, జాలీ వేసింది. సంచీలో అమ్మ పంపిన టమాటా పచ్చడి, వేరుశనగ ఉండలు. డబ్బు సంచీలో లేదు. బనీను లోపలి జేబులో ఉంది. హాస్టల్‌కి వెళ్లగానే ఇవ్వబోయాడు. “ముందు ప్రోగ్రాంకి పోదాం నాన్నా, రాత్రికి తీసుకుంటా” అన్నాను.

“ఏం ప్రోగ్రాం?”

చెప్పాను. నాన్న మంచం మీద కూర్చుండిపోయాడు. “టికెట్టు ఎంత?” అన్నాడు ముందు. చెప్పలేదు. కాసేపటికి, “లోపలికి పోనిస్తరా ఈ చెప్పులతోటి?” అన్నాడు.

అమీర్‌పేటలో రైలు మారి హైటెక్ సిటీ వైపు వెళ్తుంటే దారంతా బాలు గారి జీవిత చరిత్రే. చుట్టుపక్కల వాళ్లు కూడా వింటున్నారు. ఆయన తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారట. కొడుకు మాత్రం ఇంజినీరు కావాలని కోరిక. అనంతపురంలో ఇంజినీరింగ్‌లో చేరితే టైఫాయిడ్ వచ్చి ఆ చదువు ఆగిపోయింది. తర్వాత మద్రాసులో ఏఎంఐఈకి చేరారు. ఒక పాటల పోటీలో విని, 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’లో మొదటి పాట పాడించింది ఎస్పీ కోదండపాణి గారు. ఆ కృతజ్ఞత ఎంతంటే, తర్వాత మద్రాసులో పెట్టుకున్న రికార్డింగ్ స్టూడియోకి తన పేరు కాకుండా కోదండపాణి పేరే పెట్టుకున్నారు. “సంగీతం గురువు దగ్గర పద్ధతిగ నేర్చుకోలె. శంకరాభరణం పాటలు పుహళేంది గారు దగ్గర కూర్చోబెట్టి నేర్పిస్తె పాడిండు. దానికే నేషనల్ అవార్డు” అన్నాడు నాన్న, తనే వెళ్లి అవార్డు తెచ్చినంత దర్జాగా.

“మరి ఇళయరాజా గొడవేంటి?” అని కదిపాను. 2017లో బాలు గారు యాభై ఏళ్ల పాటల ప్రయాణం పేరుతో అమెరికాలో ప్రోగ్రాంలు చేస్తుంటే, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా గారి నుంచి లీగల్ నోటీసు వెళ్లింది. చట్టానికి కట్టుబడతానని చెప్పి ఆ ప్రోగ్రాంలలో ఆయన పాటలు పాడటం ఆపేశారు బాలు గారు. 2019లోనే ఇద్దరూ మళ్లీ కలిశారు. నాన్నకి ఇద్దరూ దేవుళ్లే. ఎటూ మొగ్గలేదు. “పాట కట్టినోడు అడుగుతడు గదా” అన్నాడు మెల్లగా. అని, ఎందుకో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను మా సంచీ తెరిచి పచ్చడి సీసా పైకెత్తి చూశాడు. లోపలికి తిండి కుదరదన్నాడు. హాస్టల్‌లో పెట్టి రమ్మంటే నాన్న వినలేదు మరి, ‘మీ హాస్టల్ పోరగాళ్లు ఖాళీ చేస్తరు’ అని. చివరికి పచ్చడి సీసా సెక్యూరిటీ టేబుల్ కింద, మేం పై వరసల్లో వెనక కుర్చీల్లో.

అంత దూరం నుంచి బాలు గారు బొటనవేలంత కనిపించారు. డెబ్బై మూడేళ్ల మనిషి, భారీ శరీరం, నెమ్మదిగా నడిచొచ్చారు. ఎదురుగా స్టాండు మీద పాటల కాగితాలు. నాకు ఆశ్చర్యం వేసింది. ఇన్ని వేలసార్లు పాడిన పాటకి కాగితం దేనికి? ‘ఆయన ఎప్పుడూ అంతే, చూసే పాడతడు. ఒక్క అక్షరం కూడ తప్పు పోగూడదని’ అని నాన్న గుసగుసగా చెప్పాడు.

పాడటం మొదలుపెట్టాక బొటనవేలంత మనిషి హాలంతా అయ్యాడు. నేను ఫోన్లో, టీవీలో విన్నది వేరు. పాట మధ్యలో ఒక మాట దగ్గర చిన్నగా నవ్వుతారు చూడండి, రికార్డులో అది పాటలో భాగం అనిపిస్తుంది. అక్కడ ఎదురుగా వింటే, ఆ క్షణంలో మనల్ని చూసి నవ్వినట్టే ఉంటుంది. ఎవరికి పాడుతుంటే వాళ్లలా గొంతు మార్చడం ఆయన విద్య. ఎన్టీఆర్‌కి ఒక గొంతు, ఏఎన్నార్‌కి ఒకటి. ‘మనుషులంతా ఒక్కటే’లో అల్లు రామలింగయ్యకి పాడినప్పుడు అచ్చం ఆయనే పాడుతున్నాడనుకున్నారట జనం. స్టేజీ మీద ఆ గొంతులు ఒక్కొక్కటే మారుతుంటే నాన్న కుర్చీ అంచుకి వచ్చేశాడు. మా ముందు వరసలో ఒకావిడ పాటపాటకీ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటోంది. నా వయసు వాళ్లు హాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు.

నన్ను పట్టేసింది మాత్రం పాటలు కాదు, పాటకీ పాటకీ మధ్య ఆయన చెప్పే మాటలు. ప్రతి పాటకీ ముందు రాసిందెవరో, స్వరం కట్టిందెవరో చెప్తారు. ఒక్క పాటకి కూడా మర్చిపోలేదు. వేణువు మీద మంచి ముక్క వాయిస్తే పాట ఆపేసి వాయించినతని వైపు చెయ్యి చూపిస్తారు. చప్పట్లు అతనికి పడ్డాకే మళ్లీ అందుకుంటారు. షో అంటే హీరో ఒక్కడే లైటులో ఉండాలని కదా మనం అనుకుంటాం. ఈయన లైటుని పట్టుకుని ఒక్కొక్కళ్ల మీదా వేసుకుంటూ పోతున్నారు.

నాన్నకి ఇక్కడే ఇబ్బంది మొదలైంది. ఒక పాటకి వేటూరి గారి పేరు చెప్పగానే “ఆత్రేయ గాదా?” అన్నాడు. ఇంకో పాటకి సంగీత దర్శకుడి పేరు వినగానే నుదురు కొట్టుకున్నాడు. “ఇరవై ఏళ్లు ఇంకొకరి పేరు చెప్పిన్రా కస్టమర్లకి.” ఆ తర్వాత ప్రతి పాటకీ ముందు, పరీక్ష రిజల్ట్ వినే పిల్లాడిలా ముందుకి వంగి వింటున్నాడు.

సగం అయ్యాక ఒక చిన్న సంఘటన జరిగింది. కీబోర్డు మీద ఒక కుర్రాడున్నాడు, నా వయసే ఉంటుంది. ఒక పాటలో అతను అందుకోవాల్సిన చోట అందుకోలేదు. రెండు క్షణాలు ఖాళీ. హాల్లో అందరికీ తెలిసిపోయింది. బాలు గారు చెయ్యెత్తి ఆపారు, నవ్వారు, అతని వైపు తిరిగి ఏదో సరదాగా అన్నట్టున్నారు, వాద్యకారులంతా నవ్వారు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. ఈసారి ఆ కుర్రాడు సరిగ్గా అందుకున్నాడు. పాట అయిపోయాక ఆయన మొదటి చప్పట్లు అతనికే కొట్టారు.

హాలంతా చప్పట్లు కొడుతోంది. నాకు మాత్రం చెమట పట్టింది, అంత ఏసీలో. ఆ కుర్చీలో నేనుంటే? మూడేళ్లు వాయించానని కాగితం తెచ్చుకుని, కీబోర్డు ముందు కూర్చుని, ఆయన నా వైపు తిరిగితే? ఆ కుర్రాడు తప్పు చేశాడు గానీ అతనికి వాయించడం వచ్చు. కాబట్టి రెండో ఛాన్సు పనికొచ్చింది. నాకు ఎన్ని ఛాన్సులిచ్చినా ఏం వాయిస్తాను?

ప్రోగ్రాం అయ్యాక పచ్చడి సీసా తీసుకుని మెట్రో ఎక్కాం. అమీర్‌పేటలో దిగేసరికి ఎల్బీనగర్ వైపు ఆఖరి రైలు వెళ్లిపోయింది. “ఎంత దూరం? నడుద్దాం పా” అన్నాడు నాన్న. అర్ధరాత్రికి దగ్గరపడుతోంది. మైత్రీవనం దగ్గర పగలు కాలు పెట్టే చోటుండదు, ఇప్పుడు నాలుగు ఆటోలు, టీ బండి, పైన బోర్డులు. నాన్న ఒక్కో బోర్డూ పైకి చదవడం మొదలుపెట్టాడు. ఫుల్ స్టాక్, డెవాప్స్, సేల్స్‌ఫోర్స్, డేటా సైన్స్.

“ఇండ్ల నువ్వు నేర్చేది ఏదిరా? ఆ ముప్పై వేలది?”

అబద్ధం చెప్పొచ్చు. ఎదురుగా బోర్డులున్నాయి, ఏదో ఒకటి చూపిస్తే సరిపోయేది. కానీ నోరు రాలేదు. అక్కడే మెట్రో పిల్లర్ కింద నిలబడి మొత్తం చెప్పేశాను. కన్సల్టెన్సీ, పేస్లిప్పులు, ముందే కట్టిన పదివేలు, బండి కొన్న వాడి సంగతి. మధ్యలో ‘అందరూ చేస్తున్నారు నాన్నా’ అని కూడా అన్నాను.

తిడతాడనుకున్నాను. నాన్న నడవడం మొదలుపెట్టాడు. పంజాగుట్ట ఫ్లైఓవర్ కనిపించేదాకా ఏం మాట్లాడలేదు. నేను సంచీ పట్టుకుని వెనక నడిచాను. అక్కడ ఆగి అన్నాడు, “నేను చేసింది గూడ అదే గదరా.”

అర్థం కాలేదు.

“పదేళ్లు వాళ్ల పాటలు ఎక్కించి అమ్మిన. రాసినోడికి రూపాయి పోలె, కట్టినోడికి పోలె. అట్ట మీద వాళ్ల పేరు గూడ రాయలె, మన షాపు పేరు రాసిన. ఒకసారి కంపెనీవాళ్లు పోలీసులని తీస్కొచ్చి డెక్కు పట్కపోయిన్రు. మీ అమ్మ గాజులు పెట్టి తెచ్చిన. నీకు చెప్పలె, చిన్నోడివి.” కాసేపు ఆగాడు. “అందరూ చేస్తున్నరనే నేనూ చేసిన. నిన్ను తిట్టెటందుకు నాకు మొహం లేదు.”

నాకు ఏమనాలో తెలియలేదు. తిడితేనే బాగుండేది.

మళ్లీ రెండడుగులు నడిచి వెనక్కి తిరిగాడు. “కానీ ఒకటి. పాడింది నేనని మాత్రం ఎవరికీ చెప్పలె.”

ఆ మాటకి ఇద్దరం నవ్వాం. ఎందుకు నవ్వామో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. చౌరస్తా దగ్గర దోసె బండి ఇంకా ఉంది. అమ్మ పచ్చడి సీసా అక్కడే తెరిచి దోసెలు తిన్నాం. బండి అతను కూడా ఒక స్పూను అడిగి వేసుకున్నాడు.

పొద్దున నాన్న బనీను జేబులోంచి డబ్బు తీసి లెక్కపెట్టాడు. పదివేలు నా చేతిలో పెట్టి “హాస్టల్‌కి, తిండికి” అన్నాడు. ఇరవై వేలు మళ్లీ లోపల పెట్టుకున్నాడు. చిట్టీ వాయిదాలు కట్టాలి కదా. నేను కన్సల్టెన్సీకి కట్టిన పదివేలు మాత్రం వెనక్కి రాలేదు. మూడుసార్లు తిరిగాను, నాలుగోసారి ఆఫీసుకి తాళం ఉంది.

బాలు గారి పాట విని నేను మారిపోయానని చెప్తే అది కూడా ఫేక్ ఎక్స్‌పీరియన్సే అవుతుంది. నిజం చెప్పాలంటే, ఆ తర్వాత నెలల్లో చాలాసార్లు తిట్టుకున్నాను. బండి కొన్నవాడు కారు కొనే ఆలోచనలో పడ్డాడు. నేను ఇంటర్వ్యూల్లో ‘ఫ్రెషర్’ అని చెప్పగానే అవతల వాళ్ల మొహంలో ఆసక్తి పోవడం చూస్తూ కూర్చున్నాను. పద్నాలుగు ఇంటర్వ్యూలు. ఒకచోట ప్రోగ్రాం రాయమంటే మధ్యలో ఆగిపోయాను. ఎప్పట్లా లేచి వచ్చేయకుండా, ‘సార్, మొదటినుంచి ఇంకోసారి రాస్తాను’ అన్నాను. రాశాను. ఆ ఉద్యోగమూ రాలేదు. కానీ ఆ రోజు హాస్టల్‌కి తల దించుకుని రాలేదు. 2020 ఫిబ్రవరిలో ఒక చిన్న కంపెనీలో సపోర్ట్ పనిలో చేరాను. జీతం పదిహేను వేలు. నెల తిరగ్గానే లాక్‌డౌన్, లాప్‌టాప్ పట్టుకుని కోదాడ.

ఆగస్టులో బాలు గారు కరోనాతో చెన్నైలో ఆస్పత్రిలో చేరారు. భయపడాల్సిందేమీ లేదని ఆయనే వీడియోలో చెబితే నాన్న ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత కొడుకు చరణ్ గారు ఆరోగ్యం గురించి పెట్టే వీడియోల కోసం రోజూ నా ఫోన్ దగ్గరికి వచ్చేవాడు. నేను మీటింగ్‌లో ఉంటే గుమ్మంలో నిలబడి చూపులతోనే అడిగేవాడు. సెప్టెంబర్ 25, శుక్రవారం మధ్యాహ్నం ఇక అడగడానికి ఏం లేకుండా పోయింది. టీవీ పెట్టి ఉంది. నాన్న అన్నం తినలేదు, ఏడవనూ లేదు.

సాయంత్రం అటక మీద చప్పుడైతే వెళ్లి చూశాను. నిచ్చెన వేసుకుని క్యాసెట్ల పెట్టె దించుతున్నాడు. వినడానికి ఇంట్లో టేప్ రికార్డర్ లేదు, ఎప్పుడో పాత సామాన్లకి వేశాం. నాన్న వరండాలో చాప మీద కూర్చుని ‘బాలు మెలొడీస్’ ఒకటి తీసి, అట్ట బయటికి లాగి, చొక్కా అంచుతో దుమ్ము తుడిచాడు. నా టేబుల్ మీది పెన్ను తీసుకున్నాడు.

“ఫోన్ల చూడు. దీనికి రాసిందెవరు?”

వెతికాను. పాటల యాప్‌లో పాడినవాళ్ల పేరుంది, సినిమా పేరుంది, రాసినవాళ్ల పేరు లేదు. పాత సినిమా టైటిల్స్ వీడియో వెతికి, ఆపి, పెద్దది చేసి చూసి చెప్పాను. నాన్న ముత్యాల్లాంటి అక్షరాలతో సినిమా పేరు పక్కన ఇరికించి రాశాడు. తర్వాత స్వరం కట్టిందెవరో అడిగాడు. అది కూడా రాశాడు. చీకటి పడేదాకా నాలుగు క్యాసెట్లు అయ్యాయి.

పెట్టెలో రెండు వందలకి పైనే ఉన్నాయి. ఇప్పటికీ పండక్కి ఇంటికి వెళ్తే, భోజనాలయ్యాక నాన్న ఒక అట్ట పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంటాడు. ఇంకా సగం కూడా కాలేదు.